నర్సమ్మ ధన్యవాదాలు చెప్పలేదు

రాయపూర్‌లో ఇరవై ఏళ్ళు పర్యావరణ న్యాయం కోసం పనిచేశానని చెబితే, వినేవాళ్ళు నన్ను బుల్డోజర్‌కి అడ్డంగా పడుకున్న మనిషిలా ఊహించుకుంటారు. బుల్డోజర్‌కి నేనెప్పుడూ అడ్డం పడుకోలేదు. ఒకసారి టెంట్ హౌస్ వాడి ఆటో ట్రాలీకి మాత్రం అడ్డం నిలబడ్డాను. మా ధర్నా సగంలో ఉండగానే షామియానా విప్పి ఏదో పెళ్ళికి పట్టుకుపోతున్నాడు. పెళ్ళివాళ్ళు అడ్వాన్సు ఇచ్చారు, మేము ఇవ్వలేదు. మిగతా నినాదాలు ఎండలోనే పూర్తిచేశాం.

ఈ మధ్య సోషల్ వర్క్ చదివిన తెలుగు పిల్లలు విశాఖ నుంచి, విజయవాడ నుంచి ఈ పనికి రాయపూర్ వస్తున్నారు. నన్ను కలిసి "అంకుల్, ఫీల్డ్‌లో ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. వాళ్ళ కోసమే ఇది. నేను పదవీ విరమణ చేశాననడం కొంచెం గొప్ప చెప్పుకోవడమే. మా సంస్థలో విరమణ వయసంటూ లేదు. యాభై దాటాక మోకాళ్ళూ గొంతూ ఒకేసారి మొరాయించాయి కాబట్టి మానేశాను.

అసలు పని

మాది రైల్వే కుటుంబం. నాన్న గార్డు, అమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ గుడివాడ వైపు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. ఆదివారం చర్చిలో మూడూ. రాష్ట్రం కొత్తగా ఏర్పడి, రాయపూర్ రాజధాని అయి, ఊరి చుట్టూ ఇనుము కార్ఖానాలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో, ఈ మూడు భాషలే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టాయి.

అమ్మకు ఈ ఉద్యోగం ఎప్పటికీ అర్థం కాలేదు.

"ఇంతకీ నువ్వు చేసేదేమిట్రా డేవిడూ?"

"జనం మాట అధికారుల దాకా చేరుస్తానమ్మా."

"జనానికి నోరు లేదా?"

"ఉంది. కానీ..."

"మరి వాళ్ళనే మాట్లాడనివ్వచ్చుగా. నువ్వు కట్టు కట్టడం నేర్చుకో. ఎవరికైనా పనికొస్తుంది."

అమ్మ ఆ మాట ఎగతాళికి అన్నదనుకున్నాను. నా వృత్తి గురించి ఎవరైనా అన్న మాటల్లో అంత సూటైనది మరొకటి లేదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

మా పని ఎక్కువగా బీర్‌గావ్‌లో ఉండేది. ఉర్లా పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న ఊరు. కార్ఖానా కార్మికులంతా అక్కడే ఉంటారు. పొద్దున్న తలుపు తీస్తే గడప మీద నల్లటి పొడి. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగేది. అక్కడ కొత్త కోడలు నేర్చుకునే మొదటి విద్య అన్నం గిన్నె మీద మూత తియ్యకుండా వడ్డించడం.

మిశ్రా సార్

మా సంస్థకు పెద్ద మిశ్రా సార్. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి, దేవేంద్ర నగర్‌లో సొంత ఇల్లు. ఆయన ముందు గదే మా ఆఫీసు. మంచి మనిషి. తన పెన్షన్‌లోంచి నాకు జీతం ఇచ్చిన నెలలున్నాయి. ఆయన మీద నేనేం రాసినా ఆ సంగతి మరచిపోయి చదవద్దు.

ఆ గదిలో వారం వారం కమిటీ సమావేశం జరిగేది. ఆయన కాలనీ పెద్దలు, ఇద్దరు డాక్టర్లు, ఒక వకీలు. కిటికీలన్నీ మూసి, ఏసీ వేసి, గాలి నాణ్యత గురించి మాట్లాడుకునేవాళ్ళం. సమోసాలు బాగుండేవి. వాళ్ళ కోరిక ఒక్కటే: కార్ఖానాలు ఇక్కడినుంచి పోవాలి. కార్ల మీద మసి, పొద్దున వాకింగ్‌లో దగ్గు, అద్దెకు దిగేవాళ్ళు వెనక్కి పోవడం వాళ్ళ బాధలు. అవీ బాధలే. కాదనను.

ఒకసారి బీర్‌గావ్ అవతలి పల్లె నుంచి ఒక వరి రైతును ఆ సమావేశానికి తీసుకొచ్చాను. ఆయన సమోసా తిని, అంతా విని, చివర ఒకే ప్రశ్న వేశాడు.

"ఇహాఁ లే హటాహూ త కోన్ డహర్ భేజహూ? హమర్ గాఁవ్?"

ఇక్కడినుంచి తీసేస్తే ఎటు పంపుతారు, మా ఊరికా అని. మిశ్రా సార్ గొంతు సవరించుకుని "చాయ్ తెప్పించు డేవిడ్" అన్నారు. ఆ రైతును తర్వాతి సమావేశానికి పిలవలేదు. పిలవొద్దని ఎవరూ చెప్పలేదు. నేనే పిలవలేదు.

మిశ్రా సార్‌కి ఒక నమ్మకం ఉండేది. ఉద్యమానికి ఒకటే గొంతు ఉండాలి, రెండు వినిపిస్తే కంపెనీవాళ్ళు మధ్యలో దూరతారు అని. దానికి ఆధారాలు కూడా ఉండేవి. నిజంగానే దూరేవాళ్ళు. అందుకని నా పని మెల్లగా మారిపోయింది. జనం మాట చేరవేసేవాణ్ణి కాస్తా, జనం మాటకు ఇస్త్రీ చేసేవాణ్ణయ్యాను.

ఏడుపు మొహాలు

ఇస్త్రీ ఎలా మొదలైందో చెబుతాను. ఢిల్లీ పత్రిక ఒకటి బీర్‌గావ్ మీద రాయడానికి ఫోటోగ్రాఫర్‌ని పంపింది. బాధితులు కావాలన్నాడు. నేను ముందురోజే చెప్పి ఉంచాను. తీరా వెళ్ళేసరికి వీధి వీధంతా తలదువ్వుకుని, పౌడరు రాసుకుని, పెళ్ళి చీరలు కట్టుకుని నవ్వుతూ నిలబడింది.

ఫోటోగ్రాఫర్ నన్ను పక్కకు పిలిచి "వీళ్ళు చాలా సంతోషంగా ఉన్నారు" అన్నాడు, మోసం జరిగినట్టు.

ఆ గుంపు ముందు వరసలో నర్సమ్మ ఉంది. పూర్తి పేరు అప్పలనర్సమ్మ. శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్ళయి వచ్చింది. భర్త అప్పన్న స్పాంజ్ ఐరన్ కార్ఖానాలో కొలిమి దగ్గర ఠేకా కూలీ, అంటే కాంట్రాక్టు మనిషి. ఆమె డాబా మీద వడియాలు పెట్టి బజారులో అమ్మేది. వడియాలకూ నల్లపొడికీ ఉన్న పగ గురించి ఆమె రోజంతా మాట్లాడగలదు. నేను ఆమెను పిన్నీ అనేవాణ్ణి, ఆమె నన్ను వాళ్ళ యాసలో బావూ, అంటే బాబూ అనేది.

"పిన్నీ, కాస్త దిగులుగా చూడండి. ఫోటోకి."

"దిగులేటి? మా సిన్నదానికి సంబంధాలు సూత్తన్నాం. పేపర్లో ఏడుత్తూ కనపడితే ఎవుడు సేసుకుంటాడు?"

"పొగ బాధ తెలియాలి కదా."

"పొగని తియ్యమను. నన్నెందుకు తీయడం?"

చివరికి ఫోటోగ్రాఫర్ ఒక ముసలాయనను ఎండలో చాలాసేపు కూర్చోబెట్టి, ఆయన విసుగును బాధగా తీసి పట్టుకెళ్ళాడు. ఫోటో అద్భుతంగా వచ్చింది. మిశ్రా సార్ ఫ్రేము కట్టించారు. నేను ఆ రోజు నేర్చుకోవలసింది ఒకటి, నేర్చుకున్నది మరొకటి. జనాన్ని కొంచెం సర్దితే పని జరుగుతుందని నేర్చుకున్నాను.

ఆ ఏడే కాలనీ కమిటీ వాళ్ళు బీర్‌గావ్‌కి తెల్ల మాస్కులు పంచారు. వారం తర్వాత వెళ్ళి చూస్తే అన్నీ వాడుకలోనే ఉన్నాయి. ఊరగాయ జాడీల మీద. "జాడీ దగ్గదు గానీ బావూ, మసి పడితే పాడవుద్ది" అంది నర్సమ్మ. కమిటీకి నేను ఇచ్చిన జవాబు: మాస్కులు చాలా ఉపయోగపడుతున్నాయి. అబద్ధం కాదు చూడండి. నా అబద్ధాలన్నీ అలాంటివే. మొదట్లో.

రిహార్సల్

ఫిర్యాదులు పేరుకుపోయి, అప్పన్న పనిచేసే కార్ఖానా మీద అధికారులు బహిరంగ విచారణ పెట్టారు. మా భాషలో జన్ సున్వాయి. మైదానంలో టెంటు వేసి, ఎవరైనా వచ్చి మైకులో తమ గోడు చెప్పుకోవచ్చు. మాకు అది పరీక్షల సీజన్. రెండు రోజుల ముందు బీర్‌గావ్ సామాజిక భవనంలో రిహార్సల్ పెట్టాం. రిహార్సల్లో అధికారి వేషం ఎప్పుడూ నాదే. ప్లాస్టిక్ కుర్చీ, ముందు బల్ల, బల్ల మీద నీళ్ళ సీసా, మొహం మీద ఏమీ పట్టనితనం. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నన్ను తిట్టాలి. ఆ పని అందరూ మనస్ఫూర్తిగా చేసేవారు.

నర్సమ్మ వంతు వచ్చింది. పళ్ళెంలో వేయించిన వడియాలు తెచ్చి నా ముందు పెట్టింది. మధ్యమధ్య నల్ల మచ్చలు.

"తిను దొరా."

"పిన్నీ, నేను అధికారిని. లంచం తీసుకోను."

"లంచం కాదు, సాచ్చికం. తిను."

తిన్నాను. పళ్ళ కింద ఇసుకలా కరకరలాడింది. హాలంతా చప్పట్లు. అప్పుడు ఆమె అసలు మాట చెప్పింది. అది బీర్‌గావ్‌లో అందరికీ తెలిసిన మాటే. పొగగొట్టానికి మసిని పట్టేసే యంత్రం ఒకటి ఉంటుంది, ఈఎస్పీ అంటారు. అది నడిస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది. అందుకని చీకటి పడగానే ఆపేస్తారు. ఊరి మీద మసి పడేది అప్పుడే.

"ఆ మిసను ఆపకండా తిప్పమను బావూ. అది సాలు."

వెనక కూర్చున్న మిశ్రా సార్ లేచారు. "అలా వద్దు. యంత్రం గురించి మొదలుపెడితే రిపేరు చేస్తామని గడువు అడుగుతారు. ఒకటే మాట చెప్పాలి. కార్ఖానా బంద్ కరో."

నర్సమ్మ నా వైపు తిరిగి తెలుగులో అందుకుంది. "బందు సేత్తే మా ముసలోడు ఏటి సేత్తాడంట? ఈ సారు ఇంటి కాడ గులాబీ మొక్కలకి నీల్లు పోత్తాడా?"

"ఏమంటోంది?" అన్నారు మిశ్రా సార్.

"ఆలోచిస్తానంటోంది సార్" అన్నాను.

నర్సమ్మకు హిందీ బాగా వచ్చు. బజారులో బేరం, రేషన్ షాపులో గోల, ఇరుగుపొరుగుతో పరాచికాలు అన్నీ హిందీలోనే. కోపం వస్తే మాత్రం తెలుగు. నేనన్నది విని ఆమె నన్ను ఓ చూపు చూసి నవ్వేసింది. నేనూ నవ్వాను. పెద్దాయన మనసు నొప్పించకుండా నెట్టుకొచ్చాననీ, అది ఇద్దరికీ తెలిసిన చిన్న సర్దుబాటనీ అనుకున్నాను. ఈ వృత్తిలో మిమ్మల్ని ముంచేవి అలాంటి నవ్వులే.

సున్వాయి రోజు

మైదానంలో ఒకవైపు కంపెనీవాళ్ళు కుర్చీల్లో, మరోవైపు మా కాలనీ కమిటీ కుర్చీల్లో, మధ్యలో బీర్‌గావ్ జనం జంపఖానాల మీద. ఈ అమరిక నేనే చేయించాను. అందులో ఏదైనా తేడా ఉందని అప్పుడు తోచలేదు.

నర్సమ్మ మైకు దగ్గరికి వెళ్ళి హిందీలోనే మొదలుపెట్టింది. వడియాల పళ్ళెం చూపించింది, జనం నవ్వారు, విచారణ అధికారి కూడా నవ్వాడు. అంతలో కంపెనీ మేనేజర్ కూర్చున్నచోటి నుంచే అందుకున్నాడు. "అమ్మా, మీ ఆయన మా దగ్గరే కదా పనిచేసేది? ఆ వడియాలు వేయించిన నూనె ఎవరిది?"

అంతే. తెలుగు వచ్చేసింది.

"నూనె నీ బాబు పోసాడేటి? మా ముసలోడు కొలిమి కాడ మాడి సంపాదించాడు! కంపినీ ఉండాల, మావోల్లు పన్జెయ్యాల. ఎవుడు మూసీమన్నాడు? ఆ మసి పట్టే మిసను మాత్తరం రేయీ పగలూ తిరగాల. మీ కరెంటు మిగుల్తాదని ఆపేత్తే ఆ మసి మా కంచంలో పడతాది. ఆపకండా తిప్పించండి సాబూ. అంతే మేం అడిగేది!"

అధికారి ఏమంటోందన్నట్టు నా వైపు చూశాడు. "క్యా కహ్ రహీ హైఁ?"

నేను మైకు పక్కనే ఉన్నాను. ప్రతి మాటా అర్థమైంది. ఎదురుగా ముందు వరసలో మిశ్రా సార్ నా కళ్ళలోకే చూస్తున్నారు. ఆమె అన్నదాన్ని ఉన్నదున్నట్టు చెబితే ఏడాది పొడుగునా మేం పట్టుకున్న మాట అందరి ముందూ తేలిపోతుంది. నా నోరు అలవాటైన పని చేసేసింది. ఈ పొగలో బతకలేకపోతున్నామంటోంది సార్, కార్ఖానా వెంటనే మూసేయమని వేడుకుంటోంది అని హిందీలో గట్టిగా, స్పష్టంగా చెప్పాను.

కాలనీ కుర్చీలు లేచి నిలబడ్డాయి. "బంద్ కరో! బంద్ కరో!"

నర్సమ్మ మైకు పట్టుకుని నా వైపు తిరిగింది. "ఏటన్నావు బావూ? నాను మూసీమన్నానా? నోరు తెరిసి సెప్పు, నానలాగన్నానా?"

ఆ గోలలో అధికారి ముందుకు వంగి మళ్ళీ అడిగాడు. "అబ్ క్యా కహ్ రహీ హైఁ?"

"ధన్యవాదాలు చెబుతోంది సార్" అన్నాను.

అధికారి చేతులు జోడించి ఆమెకు నమస్కారం పెట్టాడు. పత్రికల కెమెరాలు ఆ క్షణాన్నే పట్టుకున్నాయి. ఆమె హిందీలో ఏదో అనబోయింది. అప్పటికే మా వాలంటీరు మైకు తీసుకుని తర్వాతి మనిషికి ఇచ్చేశాడు. వరసగా నడిపించమని నేనే నేర్పాను.

మొదటి తప్పుకి కారణాలు చెప్పుకోవచ్చు. ఒత్తిడి, అలవాటు, పెద్దాయన చూపు. రెండోదానికి ఏ కారణమూ లేదు. ఒక మనిషి కాదు మొర్రో అని నా మొహం మీద అరుస్తుంటే, దాన్ని దండం కింద మార్చాను.

విజయం

కార్ఖానా మూశారు. దేవేంద్ర నగర్‌లో మిఠాయిలు పంచుకున్నాం. పేపర్లో అధికారి నమస్కరిస్తున్న ఫోటో, కింద బీర్‌గావ్ మహిళ వేడుకోలుకు స్పందన అని. మేం దాన్ని పోస్టరు వేసి గోడకు పెట్టుకున్నాం.

బీర్‌గావ్‌లో అదే పేపరు అదే రోజు చదివారు. వీధి సగం ఆ కార్ఖానాలోనే పనిచేసేది. కుళాయి దగ్గర నర్సమ్మ బిందె పెడితే పక్కవాళ్ళు బిందెలు తీసేసుకున్నారు. నేనలా అనలేదని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఎవరు నమ్ముతారు? ఫోటో ఉంది. పైగా చదువుకున్నవాడు, డేవిడ్ భయ్యా, మైకులో చెప్పాడు. వడియాలు కొనేవాళ్ళు లేక డబ్బాల్లో మెత్తబడ్డాయి.

కొన్ని నెలలకు కార్ఖానా మళ్ళీ తెరిచారు, కొత్త ఠేకేదార్‌తో, కొత్త కూలీలతో. పాతవాళ్ళలో కొందరిని తీసుకున్నారు. అప్పన్నను గేటు దగ్గరే ఆపారు. "మూయమంది నీ పెళ్ళామే కదా, ఇంట్లో కూర్చో." అతను రైస్ మిల్లులో బస్తాలు మోయడానికి వెళ్ళాడు. ఇక ఈఎస్పీ అంటారా, మాకు ఇచ్చిన హామీల్లో దాని ఊసే లేదు. మేమెప్పుడూ అడగలేదు కదా. చీకటి పడితే మసి మామూలుగానే పడేది.

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, ఒక్క మాట మాట్లాడలేదు. నర్సమ్మ మాట్లాడకుండా ఉండగా చూసింది అదే మొదలు. టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ వీధి తప్పించి వేరే దారిలో తిరిగాను. మీటింగుల్లో ఆమె పోస్టరు కిందే కూర్చుని, అట్టడుగు గొంతులను వినడం ఎలా అనే అంశం మీద మీలాంటి పిల్లలకు శిక్షణ ఇచ్చాను. నవ్వకండి. శిక్షణ అయ్యాక పిల్లలు నింపే ఫారాల్లో నాకు మంచి మార్కులే వచ్చాయి.

చివరి రోజుల్లో మిశ్రా సార్ మంచం పట్టినప్పుడు ఆయనకు జరిగింది చెప్పాను. "నాకు అనుమానం ఉండేది" అన్నారు. "అడగలేదు." ఆయన మీద నాకు కోపం రాలేదు. ఇద్దరం ఒకే గదిలో కిటికీలు మూసుకుని కూర్చున్నవాళ్ళం.

రెండో సున్వాయి

నేను పని మానేశాక, అదే కార్ఖానా ఇంకో కొలిమి కట్టుకుంటామని అర్జీ పెట్టింది. మళ్ళీ సున్వాయి. మా పాత సంస్థ నుంచి ఫోను వచ్చింది. అప్పట్లో కార్ఖానా మూయించిన ఆ పోస్టరు ఆవిడను వేదిక ఎక్కిస్తే బాగుంటుంది, మీరు ఒప్పించగలరా అని.

ఇక తప్పించుకోవడానికి వేరే వీధి లేదు. బీర్‌గావ్ వెళ్ళాను. నర్సమ్మ జుట్టు పూర్తిగా నెరిసింది. గుమ్మంలో చేటలో మినప్పప్పు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"ఈసారి ఏటి సెప్పించడానికి వొచ్చావు?"

"మీ చేత కాదు పిన్నీ. నేనే చెబుదామని. ఆరోజు మీరన్నదేమిటో, నేను చెప్పిందేమిటో, వీధి మొత్తానికి."

"ఈదిలో సెప్తే ఎవుడింటాడు? మైకులో సెప్పావు, మైకులోనే సెప్పు."

"చెబుతాను. మైకులోనే."

చేట ఆగింది. "అయితే తెలుగులో సెప్పు. నాను పక్కన నిలబడి ఆల్లకి హిందీలో సెప్తాను."

"నాకు హిందీ వచ్చు కదా పిన్నీ."

"నాకూ వొచ్చు గదా అప్పుడు" అంది.

లోపల మంచం మీద కూర్చున్న అప్పన్న దగ్గుతూ నవ్వాడు. మనిషి సగమయ్యాడు. "దానికి అవకాశం దొరికింది బావూ. జాగర్తగా ఉండు."

సున్వాయి రోజు అదే మైదానం. అధికారి మారాడు, టెంట్ హౌస్ మారలేదు. నా పేరు పిలిచారు. నాతోపాటు నర్సమ్మ కూడా మైకు దగ్గరికి వచ్చి నిలబడేసరికి అధికారి తికమకపడ్డాడు. ఈయన రాయపూర్ మనిషే కదా, హిందీ రాదా అన్నాడు.

నర్సమ్మ మైకులోకి వంగింది. "ఇన్‌కీ హిందీ కా భరోసా నహీఁ హై, సాబ్."

ఈయన హిందీని నమ్మడానికి లేదు అని. టెంటు మొత్తం గొల్లుమంది. అధికారి సరే కానివ్వమన్నాడు.

తెలుగులో మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం చెప్పి ఆగాలి, ఆమె దాన్ని అవతలికి అందించాలి. ఇంకొకరి నోటికి మన మాట అప్పగించి నిలబడటం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఆమె ఏమంటుందో అని ప్రతి మాటకూ ఆమె పెదవులే చూశాను. నా పరువంతా ఆమె నాలుక చివర ఉంది. ఆమె తల్చుకుంటే నన్ను ఏమైనా చెయ్యవచ్చు.

ఆమె ఒక్క ముక్క మార్చలేదు. నర్సమ్మ కార్ఖానా మూయమనలేదని, యంత్రం ఆపకుండా నడపమని మాత్రమే అడిగిందని నేను చెబితే, అంతే చెప్పింది. ఆమె కాదంటున్నా నేను ధన్యవాదాలు చెబుతోందని అన్నానంటే, అదీ అంతే చెప్పింది. అలా అన్నందుకు సిగ్గుపడుతున్నానంటే మాత్రం ఒక్క క్షణం నా మొహం పరీక్షగా చూసి, "శరమ్ ఆ రహీ హై, కహ్ రహే హైఁ" అంది. సిగ్గేస్తోందట అని. ఆ 'అట' ఆమె హక్కు.

జనంలో నవ్వు ఆగిపోయింది. జంపఖానా మీద అప్పన్నకు రెండు బారల దూరంలో కొలిమి దగ్గర ఒకప్పుడు అతనితో పనిచేసిన కూలీలు కూర్చుని ఉన్నారు. ఇన్నేళ్ళుగా అతనితో బీడీ పంచుకోనివాళ్ళు. వాళ్ళలో ఒకడు మోకాళ్ళ మీద జరుక్కుంటూ వచ్చి అప్పన్న పక్కన చేరాడు. అప్పన్న తల తిప్పి చూడలేదు. కాసేపటికి తన తువ్వాలు చివర అతనికి కూడా పరిచాడు.

నా మాటలు అయిపోయాయి. నేను ఆగాను. నర్సమ్మ ఆగలేదు.

మసి గురించి, చీకటి పడగానే ఆగిపోయే యంత్రం గురించి, అది నడుస్తోందో లేదో జనానికి కనిపించేలా గేటు బయట మీటరు పెట్టించడం గురించి, పాత కూలీలను తీసుకోకుండా కొత్త కొలిమి ఎలా కడతారో చూస్తామని, ఒకదాని వెంట ఒకటి. కోపంగానే చెప్పింది, కానీ అంతా హిందీలోనే. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడటం మొదలుపెట్టారు. కాలనీవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. కంపెనీవాళ్ళూ అంతే.

అధికారి కలం ఆపి, చెయ్యెత్తి అడ్డుపడ్డాడు. "ఒక్క నిమిషం. ఇదంతా ఆయనే అన్నాడా? ఆయన ఎప్పుడో మాట్లాడటం ఆపేశాడే?"

నర్సమ్మ మోచేత్తో నన్ను మైకు ముందు నుంచి పక్కకు తోసింది.

"ఉన్‌కా హో గయా, సాబ్" అంది. ఆయనది అయిపోయింది. "యే మేరా హై. లిఖియే."

ఇది నాది, రాసుకోండి.